స్క్రిప్టు రాయాలన్నా, డాక్యుమెంటరీ తీయాలన్నా ఎక్కడ నేర్చుకోవాలి?

పుణె వెళ్ళాలా, హైదరాబాద్‌లోనే ఏదో ఒక ఫిల్మ్ స్కూల్లో చేరాలా, లేక కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని ఏదైనా ఆఫీసులో అసిస్టెంట్‌గా దూరిపోవాలా? సినిమా రాయాలనుకునే మనవాళ్ళలో చాలామంది ఈ మూడింటి మధ్యే కొట్టుమిట్టాడుతుంటారు. డాక్యుమెంటరీ తీయాలనుకునేవాళ్ళ పరిస్థితి ఇంకా అయోమయం. ఎవర్ని అడగాలో కూడా తెలీదు. అడిగితే ఇంట్లోవాళ్ళు "అంటే న్యూస్ ఛానెలా?" అంటారు. ప్రకటనలు చూసి తేల్చుకుందామంటే అన్నీ ఒకే అచ్చు: పేరున్న డైరెక్టర్ ఫొటో, ఇండస్ట్రీ నిపుణులతో శిక్షణ, చివర్లో సర్టిఫికెట్.

సర్టిఫికెట్ సంగతి ముందే చెప్పేస్తాను. నిర్మాత ఆఫీసులో నేరేషన్ ఇచ్చేటప్పుడు, అంటే కథ వినిపించేటప్పుడు, దాన్ని ఎవరూ అడగరు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికో, విదేశాల్లో పై చదువుకో మాత్రమే అది అక్కరకొస్తుంది.

## ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: మీరు రాసిన డ్రాఫ్టును ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు చదువుతారు? డాక్యుమెంటరీ అయితే మీ రఫ్ కట్‌ను, అంటే ఎడిటింగ్‌లో తొలి కూర్పును, ఎవరు కూర్చుని చూస్తారు? మిగతావన్నీ దీని తర్వాతే. త్రీ యాక్ట్ స్ట్రక్చర్, క్యారెక్టర్ ఆర్క్, ఇంటర్వెల్ బ్యాంగ్ లాంటివి పుస్తకాల్లో, యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మీ పేజీ మీద పెన్నుతో గీత గీసి "ఇది తెర మీద ఎలా కనిపిస్తుంది?" అని అడిగే మనిషి మాత్రం ఉచితంగా దొరకడు. మీరు ఫీజు కట్టేది ఆ మనిషి కోసమే అనుకోండి.

ఉదాహరణకు కొత్తగా రాసేవాళ్ళ స్క్రిప్టుల్లో ఇలాంటి వాక్యం తప్పకుండా ఉంటుంది:

"ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక సురేష్ లోలోపల కుమిలిపోతూ ఉంటాడు."

కథగా చదివితే బాగానే ఉంది. కెమెరా దేన్ని తీయాలి? కుమిలిపోవడాన్ని తీయలేం కదా. సరిగ్గా చదివే గురువు దీన్ని వెనక్కి పంపిస్తే రెండో డ్రాఫ్టులో బహుశా ఇలా వస్తుంది:

"ఉదయం. సురేష్ రోజూలాగే టక్ చేసుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని ఇంట్లోంచి బయటికొస్తాడు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుంటాడు. టైమ్ చూసుకుంటాడు. పదకొండు కూడా కాలేదు. బాక్స్ విప్పుతాడు."

అదే సమాచారం. ఇప్పుడు దాన్ని తీయొచ్చు, నటుడికి చేయడానికి పని కూడా ఉంది. ఈ మార్పు లెక్చర్ వింటే రాదు. మన పేజీ మీద మనకు చీవాట్లు పడితేనే వస్తుంది. అందుకే రెండు వందల మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి చేసే వర్క్‌షాపు ఎంత పెద్ద పేరున్నవాళ్ళది అయినా నాకు నమ్మకం తక్కువ. అది మంచి ఉపన్యాసం కావచ్చు, శిక్షణ మాత్రం కాదు.

తర్వాత చూడాల్సినవి క్లుప్తంగా చెబుతాను. కోర్సు అయ్యేసరికి చేతిలో ఏం ఉంటుంది: పూర్తి స్క్రిప్టా, పది నిమిషాల ఫిల్మా, నోట్సు మాత్రమేనా? ఏ భాషలో రాయనిస్తారు? ఖర్చెంత, ఎన్ని నెలలు జీతం వదులుకోవాలి? అక్కడ రాసినదాని మీద, తీసినదాని మీద హక్కు ఎవరిది? వీటిలో భాష సంగతిని మనవాళ్ళు చివరిదాకా పట్టించుకోరు. గోదావరి యాసలోనో, నల్లగొండ మాటలోనో డైలాగు రాసేవాడు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి గురువుకి చూపించాల్సి వస్తే అతని బలం సగం ఆ మార్పులోనే ఆవిరైపోతుంది.

## ప్రభుత్వ సంస్థలు: పుణె, కోల్‌కతా, ఢిల్లీ

పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ 1995 నాటిది. రెండూ కేంద్ర సమాచార, ప్రసార శాఖ కిందివి. 2025లో రెండింటికీ డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. దాంతో కోర్సుల పేర్లు, ప్రవేశ నిబంధనలు మారుతూ ఉండొచ్చు కాబట్టి పాత వీడియోలు చూసి ప్రిపేర్ కావొద్దు, ఆ ఏడాది నోటిఫికేషన్ చదవండి.

రాయడం మీదే దృష్టి ఉంటే పుణె మేలు. అక్కడ సినిమా, టీవీ, వెబ్ సిరీస్ రచనకు విడిగా పీజీ కోర్సు ఉంది. కోల్‌కతాలో డైరెక్షన్, స్క్రీన్‌ప్లే కలిపి మూడేళ్ళు. రాస్తూ తీయాలనుకునేవాళ్ళకు అది సరిపోతుంది. సీట్లు మాత్రం చాలా తక్కువ, ఒక్కో విభాగంలో ఇరవై లోపే. ఏ డిగ్రీ ఉన్నా రాయొచ్చు, ఇంజనీరింగ్ చేసి వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు. రాత పరీక్షలో దేశ, ప్రపంచ సినిమా మీదే కాదు, సాహిత్యం, చరిత్ర, వర్తమానం మీద కూడా ప్రశ్నలొస్తాయి. తర్వాత ఇంటర్వ్యూ.

లాభం ఏంటంటే క్లాసు చిన్నది, మీ పని మీద ఏళ్ళ తరబడి చర్చ జరుగుతుంది, పక్కనే ఎడిటింగ్, సౌండ్, కెమెరా నేర్చుకునే క్లాస్‌మేట్లు ఉంటారు. రచయితకు ఇది పెద్ద వరం. తన సీను ఎడిటింగ్ టేబుల్ మీద ఎందుకు పోయిందో కళ్ళారా చూస్తాడు. నష్టం కూడా చెప్పాలి. రెండు మూడేళ్ళ జీవితం అందులోనే పోతుంది. బోధన ఇంగ్లిష్‌లో, హిందీలో. బయటికొచ్చాక మన ఇండస్ట్రీలో పరిచయాలు మళ్ళీ మొదటి నుంచి పెంచుకోవాలి. అక్కడ తీసిన డిప్లొమా ఫిల్మ్‌కు నిర్మాత సంస్థే, మీరు కాదు.

డాక్యుమెంటరీ మనసులో ఉంటే ఢిల్లీ వైపు చూడండి. జామియా మిల్లియా యూనివర్సిటీలో 1982లో పెట్టిన ఏజేకే మాస్ కమ్యూనికేషన్ రిసెర్చ్ సెంటర్ భారత డాక్యుమెంటరీకి పుట్టిల్లు లాంటిది. ఇటీవల ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళిన శౌనక్ సేన్, రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ ముగ్గురూ అక్కడ చదివినవాళ్ళే. ఎంఏ మాస్ కమ్యూనికేషన్‌లో ఫొటో, రేడియో, వీడియో అన్నీ చేయిస్తారు. సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ప్రైవేటు ఫిల్మ్ స్కూళ్ళతో పోలిస్తే నయం.

ఢిల్లీ దూరం అనుకునేవాళ్ళకు గచ్చిబౌలిలోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం ఉంది. అది పూర్తిస్థాయి ఫిల్మ్ స్కూలు కాదు. కానీ మీడియాను చదివి, ఆలోచించి, చేతులతో కూడా కొంత పని చేసే అవకాశం ఉంది. రిసెర్చి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు బాగుంటుంది.

## హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్ళు

అన్నపూర్ణ కాలేజ్ ఆఫ్ ఫిల్మ్ అండ్ మీడియా 2011 నుంచి నడుస్తోంది. రామానాయుడు ఫిల్మ్ స్కూల్ ఇంకొకటి. రెండింటికీ ఉన్న పెద్ద ఆకర్షణ ఒకటే, స్టూడియోల నీడలో ఉండటం. షూటింగులు ఎలా జరుగుతాయో చూడటానికి ఊరు దాటక్కర్లేదు. మాటల్లో తెలుగు ఉంటుంది, చుట్టూ తెలుగు సినిమా ఉంటుంది, రేపు మీతో పనిచేయబోయేవాళ్ళు అక్కడే తగలొచ్చు.

ఫీజులు మాత్రం లక్షల్లో. అమ్మానాన్న అప్పు చేసి కట్టాల్సి వస్తే నేనైతే ఆగి ఆలోచించమంటాను. ఎందుకంటే రచయితకు మొదటి రాబడి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇంజనీరింగ్ లోనులా నాలుగేళ్ళకు జీతం మొదలై ఈఎంఐలు తీరతాయనుకుంటే టెన్షన్ తప్పదు. కెమెరా, ఎడిటింగ్, వీఎఫ్ఎక్స్ నేర్చుకునేవాడికి పరికరాలు కావాలి, ఆ ఫీజులో కొంత న్యాయం ఉంది. రాసేవాడికి కావాల్సింది చదివే మనిషి మాత్రమే. కాబట్టి చేరే ముందు క్యాంపస్ టూర్‌లో కెమెరాలు చూపిస్తుంటే, పోయినేడాది విద్యార్థులు రాసిన స్క్రిప్టుల మీద గురువులు పెట్టిన కామెంట్లు చూపించమని అడగండి. అక్కడ తేలిపోతుంది.

## షార్ట్ కోర్సులు, వీకెండ్ వర్క్‌షాపులు

ఉద్యోగం చేసుకునేవాళ్ళకు ఇదే దారి. పుణె ఇన్‌స్టిట్యూట్ 2017 నుంచి స్కిఫ్ట్ పేరుతో దేశంలోని వేర్వేరు ఊళ్ళలో, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో కూడా షార్ట్ కోర్సులు పెడుతోంది. స్క్రీన్‌ప్లే రచన వాటిలో తరచూ ఉంటుంది. మూడేళ్ళ కోర్సుకు దరఖాస్తు చేసే ముందు వీటిలో ఒకటి చేస్తే, మనకు నిజంగా ఈ పిచ్చి ఉందో లేదో తక్కువ ఖర్చులో తెలుస్తుంది.

ఇక రచయితలు, డైరెక్టర్లు సొంతంగా నడిపే వీకెండ్ వర్క్‌షాపులు. వీటిలో ఆణిముత్యాలూ ఉన్నాయి, పచ్చి మోసాలూ ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడు ఇలా అడగండి:

- బ్యాచ్‌లో ఎంతమంది? పదిహేను దాటితే నా పేజీలు చదవడానికి మీకు టైమ్ ఎక్కడిది?
- నేను రాసింది ఎన్ని రౌండ్లు చదువుతారు? రాతపూర్వకంగా నోట్స్ ఇస్తారా?
- మీరు రాసి, తెరకెక్కిన చివరి పని ఏది?
- కోర్సు అయిపోయాక రెండు నెలలకు నేను డ్రాఫ్టు పంపితే చూస్తారా?

"ఛాన్స్ గ్యారంటీ", "మా బ్యానర్‌లోనే అవకాశం" అన్న మాట వినిపిస్తే ఫోన్ పెట్టేయండి. గ్యారంటీ అమ్మేవాడి దగ్గర శిక్షణ ఉండదు.

## ల్యాబులు: చేతిలో స్క్రిప్టు ఉన్నవాళ్ళకే

ల్యాబును చాలామంది స్కూలు అనుకుంటారు. కాదు. అక్కడికి ఖాళీ చేతులతో వెళ్ళడం కుదరదు. జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌ఎఫ్‌డీసీ, 2007 నుంచి స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్ నడుపుతోంది. కొద్ది స్క్రిప్టులనే ఎంచుకుంటారు. దేశ విదేశాల మెంటర్లు ఒక్కొక్కరితో కూర్చుని నెలల పాటు తిరగరాయిస్తారు. గోవాలో నవంబరులో జరిగే ఫిల్మ్ బజార్ (ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్)లో ఆ స్క్రిప్టులను నిర్మాతలకు పరిచయం చేస్తారు. సినిమా తెలుగులో తీయొచ్చు, కాగితాలు మాత్రం ఇంగ్లిష్‌లో పంపాలి. ఇంగ్లిష్ బాగా రాసే స్నేహితుడు ఉంటే ఇప్పుడే టీ తాగిస్తూ ఉండండి.

డాక్యుమెంటరీవాళ్ళకు కోల్‌కతాలో 2004 నుంచి జరుగుతున్న డాక్‌ఎడ్జ్ ఉంది. ముందు మెంటర్లతో కూర్చుని ప్రాజెక్టుకు పదును పెడతారు, తర్వాత టీవీ సంస్థలు, ఫండ్ ఇచ్చేవాళ్ళ ముందు పిచ్ చేయిస్తారు. మీ సినిమా గురించి కొద్ది నిమిషాల్లో చెప్పి, ట్రైలర్ చూపించి, ప్రశ్నలకు నిలబడాలి. అక్కడ డబ్బు దొరక్కపోయినా "ఈ కథ ఇప్పుడెందుకు? నువ్వే ఎందుకు తీయాలి?" అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం సినిమా అయినట్టే.

## అసిస్టెంట్ దారి

తెలుగులో ఎక్కువమంది డైరెక్టర్లు, రచయితలు వచ్చింది ఈ దారినే. కథా చర్చల్లో కూర్చోవడం, వన్‌లైన్ ఆర్డర్ (ఒక్కో సీను ఒక్కో లైనులో, వరసగా) రాయడం, రాత్రికి రాత్రి సీను మారిస్తే పొద్దున్నే ఫెయిర్ చేసి ఇవ్వడం. పదిమంది సిట్టింగ్‌లో ఒక సీను ఎలా పుట్టి, ఎలా చచ్చి, ఎలా మళ్ళీ లేస్తుందో ఏ క్లాసులోనూ కనపడదు. ఫీజు లేదు. బేటా (రోజువారీ ఖర్చుల డబ్బు) వస్తే వస్తుంది, రాకపోతే లేదు.

దీని చిక్కు కూడా అక్కడే ఉంది. మీరు చెప్పిన జోకు తెర మీద పేలుతుంది, టైటిల్స్‌లో మీ పేరు ఉండదు. సినిమా ఆగిపోతే ఏడాది గాల్లో కలిసిపోతుంది. మీ సొంత డ్రాఫ్టు చదవడానికి మీ డైరెక్టర్‌కు తీరిక ఉండదు, ఆయన టెన్షన్ ఆయనది. అంటే ఇక్కడ ఇతరుల స్క్రిప్టు మీద విపరీతమైన శిక్షణ దొరుకుతుంది, మీ స్క్రిప్టు మీద దాదాపు ఏమీ దొరకదు. ఆ లోటును బయట పూడ్చుకోవాలి. సాటి అసిస్టెంట్లు నలుగురు కలిసి ఆదివారాలు ఒకరి పేజీలు ఒకరు చదువుకున్నా చాలు. అమ్మాయిలకు ఈ దారిలో రూము, రాత్రి షూటింగులు, భద్రత లాంటి అదనపు లెక్కలు ఉంటాయి. చేరే ముందు ఆ యూనిట్‌లో పనిచేసిన ఇంకో అమ్మాయితో మాట్లాడటం తప్పనిసరి.

## డాక్యుమెంటరీకి దారి వేరు

ఫిక్షన్ రచయితకు కథ టేబుల్ మీద పుడుతుంది. డాక్యుమెంటరీకి చాలావరకు ఎడిటింగ్‌లో పుడుతుంది. అందుకే ఇక్కడ నేర్చుకోవాల్సినవి మూడు: మనుషుల నమ్మకం సంపాదించి వాళ్ళ మధ్య ఎక్కువ కాలం ఉండటం, మాట స్పష్టంగా రికార్డు చేయడం, గంటల కొద్దీ ఫుటేజీని చూసి ఏది వదిలేయాలో తేల్చుకోవడం. కెమెరా నాలుగోది. బొమ్మ కాస్త వణికినా జనం క్షమిస్తారు, మాట వినపడకపోతే క్షమించరు. కోర్సు సిలబస్‌లో డ్రోన్ షాట్లకు ఒక రోజు, సౌండ్‌కు అరపూట ఉంటే అటు వెళ్ళకండి.

శిక్షణ ఎలా ఉండాలో చెప్పడానికి నాకు నచ్చే ఉదాహరణ మన దగ్గరే ఉంది. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1990ల చివర్లో దళిత మహిళా రైతులకు వీడియో నేర్పింది. వాళ్ళలో బడి మొహం చూడనివాళ్ళు కూడా ఉన్నారు. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు టీవీ ప్రొడ్యూసర్. ఇంగ్లిష్ పదాలు బట్టీ పట్టించకుండా, ఆ ఆడవాళ్ళే షాట్లకు పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి పైకి చూసేది పనివాడి షాట్. కంటికి సమానంగా పెట్టేది సంగం షాట్, ఎందుకంటే సంగంలో, అంటే వాళ్ళ ఊరి మహిళా సంఘంలో, అందరూ ఒకే ఎత్తులో కూర్చుంటారు. కెమెరా యాంగిల్‌కూ అధికారానికీ ఉన్న సంబంధం గురించి ఏ సెమిస్టర్ పాఠమైనా ఇంతకంటే సూటిగా చెప్పగలదా? వాళ్ళు తర్వాత వరంగల్‌లో బీటీ పత్తి వేసిన రైతుల్ని సీజన్ల తరబడి తిరిగి తీశారు. వ్యవసాయం తెలిసినవాళ్ళు కాబట్టి ఏం అడగాలో వాళ్ళకు తెలుసు.

మీరు జర్నలిస్టో, టీచరో, స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాళ్ళో అయితే ఇందులో మీకు పనికొచ్చే మాట ఉంది. విషయం మీకు ముందే తెలుసు. రెండేళ్ళ డిగ్రీ అక్కర్లేదు. సౌండ్, ఎడిటింగ్ మీద కొద్ది వారాల కోర్సు, తర్వాత రఫ్ కట్ చూసే ఒక అనుభవజ్ఞుడు ఉంటే మొదలుపెట్టేయొచ్చు. దీంతోపాటు డాక్యుమెంటరీ ఫెస్టివల్ ఒకటి చూసి రండి. ముంబయిలో 1990 నుంచి రెండేళ్ళకోసారి జరిగే మిఫ్ (ముంబయి అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్)లో 2024లో డాక్ ఫిల్మ్ బజార్ కూడా మొదలైంది. తిరువనంతపురంలో కేరళ చలచ్చిత్ర అకాడమీ ఏటా డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ పెడుతుంది. వరసగా ఐదు రోజులు డాక్యుమెంటరీలే చూస్తే, ఇంటర్వ్యూ మీద ఇంటర్వ్యూ అతికించడమే డాక్యుమెంటరీ అన్న భ్రమ పోతుంది.

## ఒక్క చూపులో

| దారి | పట్టే కాలం | మీ పని చదివేది ఎవరు | డబ్బు | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| పుణె, కోల్‌కతా | రెండు మూడేళ్ళు | గురువులు, క్లాస్‌మేట్లు, పదేపదే | ప్రైవేటు కంటే తక్కువ | డిగ్రీ అయిపోయి, సమయం ఉన్నవాళ్ళు |
| జామియా | రెండేళ్ళు | గురువులు, రఫ్ కట్ దశలో కూడా | తక్కువ | డాక్యుమెంటరీ మీద మనసున్నవాళ్ళు |
| హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్ళు | కోర్సును బట్టి | అడిగి తెలుసుకోవాలి | లక్షల్లో | అప్పు లేకుండా కట్టగలిగినవాళ్ళు |
| షార్ట్ కోర్సులు | రోజులు, వారాలు | బ్యాచ్ చిన్నదైతేనే | భరించగలిగేంత | ఉద్యోగులు, ఇంకా తేల్చుకోనివాళ్ళు |
| ల్యాబులు | నెలలు | మెంటర్లు, వాక్యం వాక్యం | ఎంపిక కావడమే కష్టం | డ్రాఫ్టు సిద్ధంగా ఉన్నవాళ్ళు |
| అసిస్టెంట్ పని | చెప్పలేం | దాదాపు ఎవరూ కాదు | ఫీజు లేదు, రాబడీ తక్కువ | ఓపిక, హైదరాబాద్‌లో నీడ ఉన్నవాళ్ళు |

## మీరు వీళ్ళలో ఎవరు?

డిగ్రీ ఈమధ్యే అయి, ఇంట్లో రెండేళ్ళు ఆగగలిగితే ప్రభుత్వ సంస్థల పరీక్షలు రాయండి. సీటు రాకపోయినా ఆ ప్రిపరేషన్‌లో చూసే సినిమాలు, చదివే సాహిత్యం వృథా కావు.

ఐటీ ఉద్యోగం, పిల్లలు, ఈఎంఐ ఉన్నవాళ్ళు రాజీనామా లెటర్ ఇప్పుడే రాయకండి. ఒక షార్ట్ కోర్సు, తర్వాత పూర్తి స్క్రిప్టు ఒకటి, దాన్ని చదివే నలుగురు మిత్రులు. ఆ స్క్రిప్టు పూర్తయ్యాక ల్యాబుకు పంపండి. ఉద్యోగం మానేసే ముచ్చట అప్పుడు మాట్లాడుకోవచ్చు.

కథలు, పరిషత్తు నాటకాలు రాసే చేయి తిరిగినవాళ్ళు ఇంకో రకం. వీళ్ళకు మాట ఉంది, పాత్ర ఉంది. లేనిది దృశ్యం. మళ్ళీ కథా నిర్మాణం పాఠాలు వినాల్సిన పని లేదు. ఒక షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ రూములో వారం కూర్చుంటే, తాము రాసిన డైలాగుల్లో ఎన్నిటి పని నటుడి ముఖమే చేసేస్తుందో కనపడుతుంది. వీళ్ళకు నేను సిఫారసు చేసేది కోర్సు కాదు, ఎడిటర్‌తో స్నేహం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ ఎక్స్‌టెన్షన్ రచయితల కోర్సులు ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి. క్రమశిక్షణ, డెడ్‌లైన్ అక్కడ బాగా దొరుకుతాయి. కానీ తెలుగు సినిమా రాయాలంటే ఇంటర్వెల్ దగ్గర కథ ఎలా మలుపు తీసుకోవాలో వాళ్ళు చెప్పరు, ఎందుకంటే వాళ్ళ సినిమాకు ఇంటర్వెల్ ఉండదు. ఆ భాగం మన సినిమాలు చూసి విడిగా నేర్చుకోవాల్సిందే.

## చేరే ముందు కాగితాల పని

వర్క్‌షాపులో పదిమంది ముందు కథ చెప్పాలంటే చాలామందికి భయం, ఎవరైనా కొట్టేస్తారేమోనని. ఈ భయం గురించి చట్టం ఏమంటుందో తెలుసుకోవడం మంచిది. ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లో తేల్చి చెప్పింది: ఐడియాకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకే ఉంటుంది. ఆ కేసు వేసింది ఒక నాటక రచయిత, తన నాటకాన్ని సినిమాగా తీశారని. ఆయన ఓడిపోయారు. అందువల్ల నోటితో చెప్పిన రెండు లైన్ల పాయింట్‌కు రక్షణ లేదు, రాసి పెట్టిన ముప్పై పేజీల ట్రీట్‌మెంట్‌కు (సీన్ల వారీగా రాసిన కథకు) ఉంది. వర్క్‌షాపుకు వెళ్ళే ముందే రాసి, తేదీతో సహా మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి. రిజిస్టర్ చేయకపోయినా కాపీరైట్ మీదే. కానీ గొడవ వస్తే చూపించడానికి కాపీరైట్ ఆఫీసులోనో, రచయితల సంఘంలోనో రిజిస్ట్రేషన్ చేయించి ఉంటే బలం.

డాక్యుమెంటరీకైతే ఇంకో కాగితం కావాలి. కెమెరా ముందు మాట్లాడే ప్రతి మనిషి దగ్గరా వాళ్ళ భాషలో అంగీకార పత్రం తీసుకోవాలి. చదవలేని మనిషికి చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా రికార్డు చేయాలి. ఈ విషయం కోర్సు మొదటి వారంలో రాకపోతే మీరే లేచి అడగండి.

ఫీజు కట్టే ముందు చేయాల్సిన చివరి పని, పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్ళు ఇద్దరితో ఫోన్లో మాట్లాడటం. సంస్థ తనకు తానుగా చూపించే విజేతలతో కాదు, మామూలుగా కోర్సు పూర్తి చేసినవాళ్ళతో. "మీ స్క్రిప్టు మీద ఎవరు ఏం రాశారు?" అని అడగండి. ఆ కాగితం ఇప్పటికీ దగ్గరుంటే ఫొటో తీసి పంపమనండి. చాలామంది పంపిస్తారు.